చదివి వినిపించని వాంగ్మూలం

వరంగల్ వెళ్ళివచ్చానని తెలిసి మా వీధిలోవాళ్ళంతా వేయిస్తంభాల గుడి గురించి, కోట గురించి అడిగారు. గుడి చూశాను. పావుగంట చూశాను. కోట వైపు వెళ్ళనే లేదు. ఉన్న ఆరు రోజులూ జైలుకు పోయి వచ్చినవాళ్ళను వెతుక్కుంటూ తిరిగి, వాళ్ళు చెప్పింది రాసుకున్నాను. అదేం యాత్రండీ అంది మా ఆవిడ. కాశీకి వెళ్ళొచ్చినప్పుడు కూడా నేను ఇంత మారి రాలేదని ఆవిడకు ఇంకా చెప్పలేదు.

నేను రాజమండ్రి కోర్టులో ఇరవై రెండేళ్ళుగా వాంగ్మూలాలు రాసే గుమాస్తాను. నా దస్తూరీ చూసి జడ్జీలు మెచ్చుకునేవారు. తెలుగంటే మాదేనన్న ధీమా ఒకటి మా గోదావరివాళ్ళకు ఎలాగూ ఉంటుంది, నాకు ఇంకో పిసరు ఎక్కువే ఉండేది.

రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమై నాలుగైదేళ్ళు కావస్తున్నా, జైలు నియమాలు అక్కడివి అక్కడ, ఇక్కడివి ఇక్కడే ఉండిపోయాయి. వాటిని ఒక దారికి తేవడానికి ఏమేం మార్చాలో చెప్పమని ఒక చిన్న కమిటీ వేశారు. అధ్యక్షులు పదవీ విరమణ చేసిన జడ్జిగారు. అధికారుల్ని అడిగినంత మాత్రాన తెలియదు, శిక్ష అనుభవించి బయటికొచ్చినవాళ్ళను కూడా అడగాలని ఆయన పట్టుబట్టారు. మిగిలిన సభ్యులు ఇబ్బంది పడ్డారు. ఖైదు అనుభవించి వచ్చినవాళ్ళను ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడించడం బాగుండదు, రాతలో తెస్తే చదువుతామన్నారు. ఆ రాత రాయడానికి నన్ను పంపారు. నేను కలిసినవాళ్ళు ఉండి వచ్చిన జైలు ఏదో ఇక్కడ రాయను. అలా రాయనని వాళ్ళకు మాట ఇచ్చాం.

కాజీపేట, హనుమకొండ

కాజీపేటలో రైలు దిగగానే కాఫీ అడిగాను. "కాఫీ లేదు, చాయ్ ఉన్నది," అన్నాడు కొట్టాయన. ఇంకో కొట్టుకు వెళ్ళి అడిగాను. అక్కడా అదే మాట. మూడో కొట్టు దగ్గర లొంగిపోయాను. పది నయాపైసలకు కప్పు నిండా చాయ్, సాసరు నిండా పొంగిన చాయ్. సాసరులోది ముందు తాగాలట. నేను కప్పులోది ముందు తాగితే పక్కనున్నాయన నన్ను జాలిగా చూశాడు.

దేవదానం మాస్టారు అక్కడికే వచ్చి నన్ను కలిశారు. హనుమకొండలో మిషన్ బడి పంతులు ఆయన. ఆదివారాలు ప్రార్థన అయ్యాక జైలుకు వెళ్ళి ఖైదీలకు అక్షరాలు దిద్దిస్తారు. బయటికొచ్చినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఆయనకు తెలుసు. అందుకే నన్ను ఆయనకు అప్పగించారు.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే భోజనం. మాస్టారి భార్య రత్నమ్మగారు సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిరప కలిపి, గిన్నె అడుగున పలచగా తట్టి కాలుస్తారు. అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది. మా వైపు లేదు. ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

"ఎల్లిపాయ కారం ఏసుకోండి అన్నా," అన్నారావిడ. ఉల్లిపాయ కారమే కదా అని పెద్ద ముద్ద కలుపుకున్నాను. నోట్లో పెట్టుకున్నాక తెలిసింది అది వెల్లుల్లి అని. వెల్లుల్లి మా ఇంటి గడప తొక్కదు. మింగలేక, కక్కలేక నేను పడ్డ అవస్థ చూసి మాస్టారు మంచినీళ్ళు అందించారు.

"మాటలు గవే ఉంటయి సార్. లోపటి సామాను వేరే ఉంటది. జర పైలం," అన్నారు.

పైలం అంటే జాగ్రత్త అని కూడా ఆయనే చెప్పారు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

వర్ధన్నపేట

మర్నాడు పొద్దున్నే ఖమ్మం రోడ్డు బస్సెక్కాం. శ్రావణం ముసురు. వర్ధన్నపేట దాటాక దిగి, నాట్లు వేసిన మళ్ళ గట్ల మీద మైలు దూరం నడిచాం. నేను గొడుగు తెచ్చుకున్నాను. మాస్టారు గోనెసంచి మూల మడిచి తలమీదుగా కొప్పెర పెట్టుకున్నారు. ఆయన తడవలేదు, నేను తడిశాను.

కొమురయ్య ఇంటి ముందు చూరు కింద మగ్గం ఉంది. సగం నేసిన ఎర్ర జంపఖానా దాని మీద ఉంది. అరవై దగ్గర పడ్డ మనిషి. నేతపని కులంలో వచ్చింది కాదు, జైల్లో నేర్చుకున్నాడు. తొమ్మిదేళ్ళ శిక్ష పూర్తిచేసి బయటికొచ్చి రెండేళ్ళయింది. ఆయన లోపల ఉండగానే భార్య పోయింది. బిడ్డ ఎక్కడో దూరపు ఊళ్ళో కాపురం చేస్తున్నది.

"కొమురయ్యగారూ, నమస్కారం," అన్నాను, మా వైపు అలవాటు ప్రకారం.

ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "గారు అంటె నా ఎనుక ఎవలన్న నిలబడ్డరేమో అనుకున్న సారూ. జైల్ల నంబరు పెట్టి పిలిసిన్రు, ఊర్ల కొమురిగా అంటరు. ఏదన్న అనుండ్రి గని కూసోండ్రి."

నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు కాకుండా, మగ్గం మీద నూలు సర్దుతూ చెప్పాడు. కాలవ నీళ్ళ వంతు దగ్గర పొరుగు రైతుతో గొడవైంది. పారకర్రతో కొట్టాడు. ఆ మనిషి మూడో రోజున చనిపోయాడు.

"కొట్టింది నేనే. లేదంటలేను. కోపంల కొట్టిన. గని పట్వారి కాయితం రాసిండు, ముందటి దినమే అనుకొని పొంచి కొట్టిన అని. ఉర్దుల రాసిండు. నాకు సదివి ఇనిపియ్యలే. ఏలిముద్ర ఏసిన. కచేరిల సదివిన్నాడు ఎర్కైంది." నూలు కొస తెగితే నోటితో తడిచేసి ముడి వేశాడు. "తొమ్మిదేండ్లల నాలుగేండ్లు నా కోపానివి సారూ. కడమ అయిదు గా కాయితానివి."

ఆ మాట నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. జైలు నియమాల్లో ఏం మార్చాలంటారు అని అడిగాను. తిండి గురించి చెబుతాడని, దెబ్బల గురించి చెబుతాడని కలం సిద్ధంగా పట్టుకున్నాను.

"ఇడిసిన్నాడు మా యాకూబ్ జమాదార్ నన్ను బస్సుదాంక తోలిచ్చిండు సారూ. గట్ల అందరిని తోలియ్యాలె. గదొక్కటి రాయుండ్రి. కడమయి అయ్యల్లకు ఎర్కనే ఉంటయి."

మా వైపు బండి తోలుతాం, గొడ్లను తోలుతాం, అన్నం మీద ఈగల్ని తోలుతాం. జైలు కాపలా జమాదారు మనిషిని తోలాడంటే ఎంత అవమానం. ఆ మాట చెబుతూ ఆయన నవ్వుతున్నాడు కూడా. బాధ ముదిరితే మనుషులు అలా ఎత్తిపొడుస్తారని నాకు కోర్టు అనుభవం. 'అందరిని తోలియ్యాలె' అన్నది ఆ ఎత్తిపొడుపే అనుకున్నాను.

అంతలో రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. అది పోతే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేదన్నారు మాస్టారు. నా దగ్గర ఉన్నది తొందర తొందరగా గిలికిన చిత్తు కాగితం. తర్వాత సాఫు రాసుకోవచ్చని ఖాళీ కాగితం అడుగున వేలిముద్ర వేయమన్నాను. కొమురయ్య బొటనవేలికి సిరా పూసుకుని కాగితం మీద ఆనించకుండా ఆపాడు.

"సదివి ఇనిపియ్యరా సారూ?"

"బస్సు వచ్చేసింది. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంటుంది."

"అప్పుడు గూడ గట్లనే అన్నరు," అని నవ్వి వేలు ఆనించాడు.

నేను కూడా నవ్వాను. నా ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ్టికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది. గట్ల మీద పరుగెత్తి బస్సెక్కాక చూసుకుంటే గొడుగు కొమురయ్య చూరు కిందే ఉండిపోయింది.

నర్సంపేట

ఆ సాయంత్రానికి నర్సంపేట చేరాం. మాస్టారికి తెలిసినవాళ్ళింట దిగాం. దీపాలు పెట్టకముందే కూర్చుని కొమురయ్య వాంగ్మూలం సాఫు రాశాను. కొంచెం మెరుగు కూడా పెట్టాను. 'విడుదలనాడు సైతము యాకూబ్ అను జమాదారు నన్ను పశువును తోలినట్లు బస్సుదాక తోలించినాడు. ఖైదీలనందరిని ఇట్లే తోలుచున్నారు.' రెండుసార్లు చదువుకుని సంతోషపడ్డాను. మర్నాడు పొద్దున హనుమకొండ వెళ్ళే కమిటీ జవాను ఒకడు కనిపిస్తే, అధ్యక్షులవారికి అందించమని కవరు అతని చేతికిచ్చాను.

ఆ రోజు అంగడి. నర్సంపేట అంగడికి ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళూ బండ్లు కట్టుకుని వస్తారు. వడ్లు, పత్తి, కుండలు, గాజులు, మేకలు. మిరపకాయల రాశి వెనక రాజవ్వ కూర్చుని ఉంది. దొరగారింట్లో పని చేస్తూ గొలుసు దొంగిలించి రెండేళ్ళు జైల్లో ఉండి వచ్చిన మనిషి. మొదటి మాటగా ఆవిడే చెప్పింది, నేను అడక్కముందే.

"ఎత్తుకపోయిన. అమ్ముకున్న. పట్టుబడ్డ. గది రాసుకో బిడ్డా. ఇగ ముందటిది అడుగు."

ఏం మార్చాలి అని అడిగాను. బేరానికి వచ్చిన ఒకాయనకు గుప్పెడు మిరపకాయలు తూచి ఇచ్చి, అప్పుడు చెప్పింది.

"ముద్ర లోపట కొట్టుమను."

నాకు అర్థం కాలేదు. జైలు నుంచి ఇంటికి పోయే ప్రతి ఉత్తరం మీదా కవరు పైన పెద్ద ముద్ర కొడతారట. ఉత్తరం ఊళ్ళోకి వచ్చేసరికి చదువొచ్చినవాడూ రానివాడూ ఆ ముద్ర గుర్తుపడతారు. రాజవ్వ అన్న రెండు ఉత్తరాలు తీసుకుని, మూడోదాన్ని తపాలా ఆయన చేతికే తిరిగిచ్చేశాడు. తల్లి పోయిన సంగతి ఆవిడకు తెలియలేదు. తన ఉత్తరాలు ఎవరికీ ముట్టడం లేదని కూడా తెలియక, రెండేళ్ళు నెలనెలా రాయించింది.

"లోపట ఎంత పెద్ద ముద్రన్న కొట్టుకోనీ. పైన వద్దు. గంతే."

ఎంతమంది పెద్దలు కూర్చుని ఆలోచించినా ఈ మాట తట్టదు అనుకున్నాను. రాసి, వేలిముద్ర వేయమని కాగితం జరిపాను. ఆవిడ చేతులు కొంగు కింద దాచుకుంది.

"సదువు. నా మాట నాకు ఇనపడాలె."

చదివాను. సగంలో ఆపింది. "'సిగ్గుచేత మా అన్న ఉత్తరం తీసుకోలేదు' అని రాసినవా? సిగ్గు అని నేనన్ననా?"

"అనలేదు. కానీ కారణం అదే కదమ్మా."

"కారణం ఆయనకు ఎర్క. నాకెట్ల ఎర్క? ముట్టలే అన్న. ముట్టలే అని రాయి."

కొట్టేసి మళ్ళీ రాశాను. మళ్ళీ చదివాను. అప్పుడు వేలు పెట్టింది. లేచి వస్తుంటే గుప్పెడు మిరపకాయలు జేబులో పోసింది. నా మనసులో మాత్రం కొమురయ్య బొటనవేలు మెదిలింది. బస్సు తొందరలో జరిగిందే కదా అని సర్దిచెప్పుకున్నాను.

వాగు దగ్గర

ఏటూరునాగారం అడవుల్లో ఒకాయన ఉన్నాడు, అతన్ని కూడా కలవాలి. మర్నాడు బయల్దేరాం. ములుగు దాటాక వాగు పొంగి రోడ్డు మీద నుంచి పారుతున్నది. బస్సు ఆగిపోయింది. వాగు తగ్గుతుందేమోనని మూడు గంటలు కూర్చున్నాం. ఒకామె మక్క కంకులు కాల్చి అమ్ముతుంటే రెండేసి తిన్నాం. నీళ్ళు తగ్గలేదు. అవతలి గట్టున ఎవరైనా మా కోసం వచ్చి నిలబడ్డారేమో కూడా కనిపించలేదు. ఆయన ఏం చెప్పేవాడో కమిటీకి తెలియదు, నాకూ తెలియదు.

మాతోపాటు ఆగిపోయినవాళ్ళలో తెల్ల మీసాల రైతు ఒకాయన తడిసిన తలపాగా పిండుకుంటూ కూర్చున్నాడు. మాస్టారు ఆయన్ను పలకరించారు.

"ఏడికి పోయొస్తానవ్ తాతా?"

"బిడ్డను అత్తగారింటికి తోలిచ్చి వస్తాన. పండ్లు, చీర పెట్టి, ఇంటి దర్వాజ దాంక తోలిచ్చిన. మల్ల ఎప్పుడు సూస్తనో." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నా చేతిలో కంకి అలాగే ఉండిపోయింది. కూతుర్ని తోలడమేమిటని మాస్టారిని అడిగాను.

"మా దిక్కు గట్లనే అంటం సార్. ఇష్టమైనోల్లు పోతాంటె ఎంబడి పోయి పంపిచ్చుడు. సుట్టం వస్తె బస్సుదాంక తోలిస్తం. గది తోలియ్యకపోతెనే తప్పు."

ఆయనకు అప్పుడే చెప్పేశాను, నేను ఏం రాశానో. మాస్టారు కంకి బెండు వాగులోకి విసిరేశారు.

"యాకూబ్ సాబ్‌కు వచ్చే ఏడు పింఛను సార్. నలుగురు ఆడపిల్లల తండ్రి. నేను అక్షరాలు చెప్తాంటె పలకలు మోసుకొచ్చి ఇచ్చేది ఆయనే." అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

తిరిగి వస్తున్న బస్సులో నాకు నేను చెప్పుకున్నాను, అధ్యక్షులవారిని విడిగా కలిసి మెల్లగా సరిచేసుకుందాం అని. నలుగురిలో నా పొరపాటు ఒప్పుకోవలసిన పని లేకుండా. ఇది రాస్తుంటే సిగ్గేస్తున్నది, కానీ ఆ రోజు నేను ఆలోచించింది అదే.

మళ్ళీ హనుమకొండ

కమిటీ డాకు బంగళా వరండాలో కూర్చుంది. విడిగా కలిసే అవకాశం రాలేదు. రాలేదో, నేను తీసుకోలేదో. నేను వెళ్ళేసరికే అధ్యక్షులవారు కాగితాలు విప్పారు. నేను అందించిన రాజవ్వ వాంగ్మూలం అందరికీ నచ్చింది. ఒక సభ్యుడైతే 'ఇన్నేళ్ళుగా ఆ ముద్ర చూస్తున్నాను, తట్టనే లేదు' అన్నాడు. తర్వాత కొమురయ్య వాంగ్మూలం తీసి గట్టిగా చదివారు. 'పశువును తోలినట్లు' దగ్గర ఇద్దరు సభ్యులు కలాలు తీసి రాసుకున్నారు.

సభ్యుల్లో ఒకాయన పూర్వం పెద్ద అధికారి. ఆయన బల్ల మీద వేలితో కొట్టి, "ఇదీ మనకు కావలసింది. పేరు కూడా ఉంది. ఈ యాకూబ్ రిటైర్ కాకముందే విచారణ వేసి, పింఛను నిలిపితే మిగతావాళ్ళకు బుద్ధొస్తుంది," అన్నారు.

నా చేతిలో కలం ఉంది. నోట్లో నాలుక ఉంది. లేవలేకపోయాను.

"నేను గట్ల అనలే అయ్యా."

మెట్ల కింద నిలబడి ఉన్నాడు కొమురయ్య. పంచె మోకాళ్ళదాకా బురద. చేతిలో నా గొడుగు, ముడిచి, తాడుతో చక్కగా కట్టి. అది ఇవ్వడానికే వర్ధన్నపేట నుంచి మాస్టారింటికి వచ్చి, అక్కడ అడిగి ఇక్కడికి వచ్చాడు. జవాను ఆయన్ను పక్కకు తోయబోయాడు. ఎవరినీ ఎదుట వినకూడదని అనుకున్నాం కదా అని మాజీ అధికారి గుర్తుచేశారు.

అధ్యక్షులవారు నావైపు తిరిగారు. "ఎవరాయన?"

అప్పుడు లేచాను. "ఆ వాంగ్మూలం ఆయనదేనండి. ఆయన చెప్పింది అది కాదు. నాకు మాట తెలియక రాశాను. తెలిశాక కూడా రెండు రోజులు దాచాను. వేలిముద్ర ఖాళీ కాగితం మీద వేయించాను. చదివి వినిపించమంటే వినిపించలేదు."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను నా గురించి ఇచ్చిన వాంగ్మూలం అదొక్కటే. అధ్యక్షులవారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రాసినవాడు కాదంటున్నాడు, చెప్పినవాడు కాదంటున్నాడు. ఇంక ఈ కాగితంతో మనకేం పని? ఆయన్నే అడుగుదాం." ఖాళీగా ఉన్న కుర్చీ చూపించారు. "వచ్చి కూర్చోండి."

కొమురయ్య పైకి వచ్చాడు గాని కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని చెప్పాడు. ఈసారి నేను ఏమీ మెరుగు పెట్టకుండా రాశాను.

"తొమ్మిదేండ్లు నేను ఒక్క దర్వాజ నా చేతితోటి తియ్యలే అయ్యా. ఎవలన్న తీస్తె పోవుడు, మూస్తె ఆగుడు. ఇడిసిన్నాడు పెద్ద దర్వాజ తీసిన్రు. బయటికొచ్చి నిలబడ్డ. నడువు అని ఎవలన్న అంటరేమో అని సూస్తాన. ఎవలు అంటలేరు. పొద్దెక్కింది. గక్కడ్నే ఉన్న. యాకూబ్ జమాదార్ లోపట్నుంచి సూసిండు. డ్యూటీ దిగి, అంగి మార్సుకొని వచ్చిండు. ఏం కొమురయ్యా, ఏడికి పోవాలె అన్నడు. పేరు పెట్టి పిలిసిండు. బస్సుదాంక తోలిచ్చిండు. తొమ్మిదేండ్లు నా ఎనుక నడిసినోడు, గానాడు పక్కపొంటి నడిసిండు. చాయ్ తాపిండు. బస్సు కదిలేదాంక నిలబడ్డడు."

కుర్చీ వీపు ఇంకా పట్టుకునే, "నాతోటి ఇడిసిన ఇంకొకాయినను ఎవలు తోలియ్యలే," అన్నాడు. "ఎటు పోవాల్నో తెల్వక రైలు టేషన్ల పండుకున్నడు. ఆవారాగ తిరుగుతాండని మల్ల పట్కపోయిన్రు. వారం గూడ కాలే."

"మంచిదే. కానీ అది జమాదారు దయ. దయకు నియమం ఎలా రాస్తాం?" అన్నారు మాజీ అధికారి. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగారు.

"దయ ఉన్నోడు గానాడు డ్యూటీల ఉంటె దొరుకుతది అయ్యా. లేకుంటె దొరకది. గందుకే రాయుండ్రి అంటాన. జమాదారే రావాల్నని లేదు. మాసొంటోల్లను పిలిసినా వస్తం. గా దర్వాజ ముంగట నిలబడితె ఎట్లుంటదో మాకు ఎర్క."

అధ్యక్షులవారు ఇలా తోలించడానికి రాతలో వాడే మాట ఏమిటని నన్నడిగారు. సాగనంపడం అనవచ్చునన్నాను.

"గదేంది సారూ?" అన్నాడు కొమురయ్య.

"గుమ్మందాకా వచ్చి, వెళ్ళి రండి అని చెప్పడం."

"గట్ల గాదు. బస్సు కదిలేదాంక."

"ఆయన మాటే ఉంచండి. అర్థం కింద రాయండి," అన్నారు అధ్యక్షులవారు.

పాత కాగితం చించి నా చేతికిచ్చారు. కొత్తది రాసి, అందరి ఎదుటా లేచి నిలబడి చదివాను. కొమురయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్న, "చాయ్ తాపిండు అన్నది ఇడిసిపెట్టినవ్ సారూ," అన్నాడు. రాశాను. మళ్ళీ మొదటినుంచి చదివాను. అప్పుడు బొటనవేలికి సిరా పూసుకుని, తొందరపడకుండా, గట్టిగా ఆనించాడు. ఆ తర్వాతే కుర్చీలో కూర్చున్నాడు.

బస్సుల దగ్గర

ఆ సాయంత్రం నాకు కాజీపేటలో రైలు, ఆయనకు వర్ధన్నపేట బస్సు. ఎవరు ఎవర్ని తోలించాలన్న దాని మీద మా ఇద్దరికీ వాదన వచ్చింది. మీరు మా దిక్కుకు వచ్చిన సుట్టం, నేనే తోలియ్యాలె అని ఆయన. మీ బస్సు ముందు కాబట్టి నేనే అని నేను. ఆ బస్సు పోతే ఆయనకు రేపటిదాకా లేదని మాస్టారు చెప్పడంతో నేను గెలిచాను.

మళ్ళీ సన్నగా చినుకులు. గొడుగు విప్పి ఆయన మీద పట్టాను. బజారు దారి ఇరుకు, ఎదురుగా బండ్లు, రిక్షాలు. ఆయన తడవకూడదని గొడుగు ముందుకు చాచి, నేను ఆయన వెనక నడుస్తున్నాను. నాలుగడుగులు వేసి కొమురయ్య ఆగిపోయాడు. తిరిగి చూడలేదు.

"ఎనుక నడువకుండ్రి సారూ. పక్కపొంటి రాండ్రి."

పక్కకు వచ్చాను. ఇద్దరం చెరో భుజం తడుపుకుంటూ నడిచాం. చాయ్ తాగాం, నేను సాసరులోది ముందు తాగాను, ఆయన మెచ్చుకోలుగా తలూపాడు. ఆయన బస్సెక్కాక గొడుగు కిటికీలోంచి చేతికిచ్చాను.

"మల్ల మర్శిపోతానవా?" అన్నాడు.

"లేదు. ఇది మీదే. ఉంచుకోండి కొమురయ్యగారూ."

ఈసారి ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు కదిలేదాకా నిలబడ్డాను. రోడ్డు మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడ్డాను. అందువల్ల నా రైలు తప్పిపోయింది. తర్వాతి బండికి ఐదు గంటలు కాజీపేట ప్లాట్‌ఫారం మీద రాజవ్వ మిరపకాయల ఘాటు పీలుస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక

నివేదిక ఇంకా అచ్చు కాలేదు. అయినా అందులో ఎన్ని మాటలు మిగులుతాయో నాకు తెలియదు. కోర్టులో మాత్రం నేను ఇప్పుడు చదివి వినిపించకుండా ఎవరి వేలూ కాగితం మీద పెట్టనివ్వడం లేదు. పని నెమ్మదించిందని ప్లీడర్లు గొణుగుతున్నారు.

మొన్న దేవదానం మాస్టారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. యాకూబ్ సాబ్ మీద ఏ విచారణా లేదట. రూలు వచ్చేదాకా ఆగడమెందుకని, ఖైదీల్ని విడిచిపెట్టే రోజు ఎప్పుడో మాస్టారిని అడిగి తెలుసుకుని, కొమురయ్య పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆ పెద్ద దర్వాజ ముందు నిలబడుతున్నాడట. ఎవరూ రానివాళ్ళను పేరు అడిగి, పక్కపొంటి నడిచి, బస్సుదాకా తోలిస్తున్నాడట. ఇప్పటికి ముగ్గురయ్యారు. వానైతే నా గొడుగు పడుతున్నాడట.